భయంతో కూర్చున్న కుక్క, ఇష్టంతో కూర్చున్న కుక్క: తేడా పట్టుకునేదెలా

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా ఇంట్లోనే కుక్కల్ని ఉంచుకుంటాను. ఊరెళ్లేవాళ్లు, పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లు, పిల్లల దగ్గరికని అమెరికా వెళ్లేవాళ్లు తమ కుక్కని తెచ్చి మా దగ్గర వదిలి వెళ్తారు. తొమ్మిదేళ్లుగా ఇదే నా పని. ఒకేసారి నాలుగింటికి మించి తీసుకోను. బోనులో పెట్టను, కట్టెయ్యను. హాల్లో, వరండాలో, పెరట్లో జామచెట్టు కింద అన్నీ కలిసే తిరుగుతాయి. అందుకే కొత్తగా వచ్చే ప్రతి కుక్కనీ ముందు ఒక అరగంట చూస్తాను, మిగతావాటితో ఇమడగలదా లేదా అని. ఆ అరగంటలో ఏం చూడాలో రాస్తున్నాను. పెద్ద కుక్కని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లకి, ట్రైనర్‌ని మాట్లాడుకునే ముందు ఆయన నేర్పిన కుక్కల్ని ఒకసారి చూద్దామనుకునేవాళ్లకి, అపార్ట్‌మెంట్ లిఫ్టులో రోజూ ఒక కుక్క ఎదురయ్యేవాళ్లకి కూడా ఇది పనికొస్తుంది.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఈ పని మొదలుపెట్టిన రెండో ఏడు సింబా అని ఒక జర్మన్ షెపర్డ్ వచ్చాడు. మూడేళ్లవాడు. "వీడంత బుద్ధిమంతుడు ఎక్కడా దొరకడు మేడమ్, రెండు నెలలు ట్రైనర్ దగ్గర ఉంచాం. కూర్చోమంటే లేవమనేదాకా లేవడు" అన్నారు ఓనర్. నిజంగానే లేవలేదు. గుమ్మం పక్కన కూర్చోబెట్టి వాళ్లు వెళ్లిపోయారు. గంటన్నర గడిచినా అక్కడే ఉన్నాడు. నేను మురిసిపోయాను. నీళ్లు పెడితే తాగలేదు. చికెన్ ముక్క మూతి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నాడు. ఇంటి మీద బెంగ అనుకున్నాను. సాయంత్రం వరండా తుడుద్దామని మూలనున్న చీపురు అందుకున్నాను. అంతే, సింబా ఉన్నచోటే నేలకి అతుక్కుపోయి ఉచ్చ పోసుకున్నాడు. మొరగలేదు, పారిపోలేదు. తల అటు తిప్పి కళ్లు మాత్రం నా చేతి మీదే పెట్టాడు, కంటి తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. చీపురు కిందపెట్టి, వాడికి వీపు చూపించి నేల మీద కూర్చున్నాను. పావుగంటకి గానీ వాడి ఊపిరి మామూలుగా వినపడలేదు. రాత్రి బెల్టు విప్పి చూస్తే మెడ చుట్టూ బొచ్చు ఊడిపోయి చుక్కలు చుక్కలుగా మచ్చలు. ముళ్ల గొలుసు వేసి లాగిన గుర్తులవి. ఓనర్‌కి ఫోన్ చేస్తే ఆయన నిజంగా ఏడ్చాడు. నేర్పేటప్పుడు ఆయన్ని ఒక్కసారి కూడా పక్కన నిలబడనివ్వలేదట.

కదలకపోవడం వేరు, కుదురుగా ఉండడం వేరు. ఆ రోజు నుంచీ నేను చూసేదంతా ఈ తేడా కోసమే.

చూపించడానికి వచ్చేవాళ్లని పొద్దున ఆరున్నరకి రమ్మంటాను. ఎండాకాలం పదింటికి వస్తే కుక్క రొప్పుతూ ఉంటుంది, అది ఎండకో టెన్షన్‌కో తెలియదు. రాగానే లోపలికి పిలవను. గేటు బయట మా వీధి చివరిదాకా నడిచి రమ్మని, నేను గేటు దగ్గరే నిలబడి చూస్తాను. మొదట చైన్ చూడాలి. బట్టలు ఆరేసే తీగలా మధ్యలో కొంచెం జారి వేలాడుతోందా, లేక బిగుసుకుపోయిందా? బిగుసుకుపోయి, కుక్క ముందు, మనిషి వెనక పరుగెడుతుంటే ఆ కుక్కకి నడక ఇంకా నేర్పలేదని అర్థం. అది పెద్ద లోపం కాదు, నేర్పుకోవచ్చు. చైన్ వదులుగా ఉంటే మాత్రం వెంటనే సంతోషపడిపోకండి, తలా తోకా చూడండి. తల వంచి, తోక కాళ్ల మధ్యకి లాక్కుని, ఓనర్ కాలు ఎటు పడుతుందో ఓరకంట చూసుకుంటూ నడిచే కుక్కకీ చైన్ వదులుగానే ఉంటుంది. ఇష్టంగా నేర్చుకున్న కుక్క అలా నడవదు. కరెంటు స్తంభం దగ్గర ఆగుతుంది, వాసన చూస్తుంది. ఎవరూ పిలవకుండానే మధ్యలో ఒకసారి వెనక్కి తిరిగి ఓనర్ మొహం చూస్తుంది, చంటిపిల్ల ఆడుకుంటూ ఆడుకుంటూ అమ్మ అక్కడే ఉందా అని చూసుకున్నట్టు. నన్నడిగితే ఈ వెనక్కి తిరిగి చూసే చూపే అన్నిటికంటే నమ్మదగ్గ గుర్తు. కొట్టి నడక నేర్పొచ్చు గానీ ఈ చూపు నేర్పలేరు.

మా వీధిలో మూడు వీధికుక్కలున్నాయి. కొత్త కుక్క వస్తే పాలబూత్ దగ్గర నుంచే మొరుగుతాయి. అప్పుడు వచ్చిన కుక్క వాటిని చూడాలి, చూడకుండా ఎలా ఉంటుంది? చెవులు నిక్కబొడుచుకుని చూశాక, ఓనర్ పేరు పెట్టి పిలిస్తే మళ్లీ ఇటు తిరుగుతుందా అన్నదే ప్రశ్న. రెండుమూడు సెకన్లలో తిరిగితే చాలా మంచి కుక్క. ఒకటి రెండుసార్లు మొరిగి తిరిగినా నాకు అభ్యంతరం లేదు.

తర్వాత మెడ. మెత్తని బట్ట బెల్టు గానీ, ఛాతీ చుట్టూ వచ్చే బాడీ బెల్టు గానీ ఉంటే సరే. లాగితే బిగుసుకునే ఇనప గొలుసు, లోపలివైపు ముళ్లున్న గొలుసు, అగ్గిపెట్టెంత బ్యాటరీ డబ్బా బిగించిన కాలర్ కనిపిస్తే ఎందుకు వేశారని అడుగుతాను. చాలామంది "ట్రైనర్ వెయ్యమన్నారు" అంటారు, వాళ్లని తప్పుపట్టను. కరెంటు షాక్ ఇచ్చే కాలర్లని వేల్స్‌లో 2010లోనే నిషేధించారు. మన దగ్గర ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొస్తాయి. ఇంకో మాట, చూపించడానికి వచ్చే రోజు బెల్టు మార్చి రావచ్చు. అందుకే కుక్క ఒప్పుకుంటే, ఓనర్ చేతనే మెడ దగ్గర బొచ్చు విడదీయించి చూస్తాను.

ఇప్పుడు లోపలికి. "ఒకసారి కూర్చోమనండి" అంటాను. కూర్చుందా లేదా అన్నది ఎవరైనా చూస్తారు. ఎలా కూర్చుంది అన్నది చూడాలి. చెవులు వెనక్కి నొక్కుకుని, నోరు గట్టిగా మూసుకుని, తిండేమీ లేకుండానే నాలుకతో ముక్కు తడుముకుంటూ, బరువంతా వెనక్కాళ్ల మీద వేసి కూర్చుంటే అది ఇష్టంతో కాదు. నోరు కొంచెం తెరుచుకుని, తోక నేలని ఊడుస్తూ, కూర్చోగానే "ఇప్పుడేంటి?" అన్నట్టు మొహంలోకి చూస్తే అది ఇష్టం. ఒక్క గుర్తుని పట్టుకుని తీర్పు చెప్పొద్దు. ఆవులింత నిద్రవల్ల కూడా వస్తుంది. తోక ఊపడం ప్రతిసారీ సంతోషం కాదు, తోక నిటారుగా లేపి బిగుసుగా చిన్నచిన్నగా ఊపుతుంటే దూరంగా ఉండడమే మంచిది. మూడు నాలుగు గుర్తులు ఒకేసారి ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మండి.

ట్రీట్లతో నేర్పాం అని చెప్పేవాళ్ల విషయంలో ఇంకొంచెం చూడాల్సి ఉంటుంది. చేతిలో బిస్కెట్ ఆడిస్తూ "సిట్, సిట్, సిట్" అని బతిమాలితే అది లంచం. కుక్క ముక్కకి కూర్చుంటుంది, మాటకి కాదు. ఖాళీ చేత్తో ఒక్కసారి చెప్పి, అది కూర్చున్నాక జేబులోంచో సంచీలోంచో తీసి ఇస్తే అది జీతం. అందుకని ట్రీట్ల సంచీ నా టేబుల్ మీద పెట్టేసి చెప్పమంటాను. బాగా నేర్చుకున్న కుక్క అప్పుడు కూడా కూర్చుంటుంది. మెచ్చుకోవడం ఎంత త్వరగా వస్తుందో కూడా చూస్తాను. కుక్క కూర్చున్న క్షణంలోనే "యస్" అనో "గుడ్" అనో నోటిమాట రావాలి, ముక్క ఆ వెంటనే. ఫోన్ చూసుకుని తీరిగ్గా ఇస్తే, అప్పటికి కుక్క లేచి రెండడుగులు వేసి ఉంటుంది, లేచినందుకే ఇచ్చారని నేర్చుకుంటుంది. ముక్క శనగగింజంత చాలు. ఉడకబెట్టిన చికెన్ అయినా, పనీర్ అయినా, క్యారెట్ అయినా సరే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ తగిలినవి మాత్రం పెట్టకండి, అవి కుక్కలకి విషం. ట్రీట్ అంటే తిండే కానక్కర్లేదు కూడా. గేటు ముందు కూర్చుంటే గేటు తెరుచుకుంటుంది, అదీ జీతమే.

ట్రీట్లు ఇచ్చినంత మాత్రాన మర్యాద రాదు, ఇది ఒప్పుకోవాలి. లడ్డు అని ఒక గోల్డెన్ రిట్రీవర్ వస్తుంది మా ఇంటికి. దెబ్బ ఎరగదు, భయమెరగదు. వచ్చీరాగానే మా అత్తగారి భుజాల మీద రెండు కాళ్లూ వేసింది. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్లు, పక్కన గోడ ఉంది కాబట్టి సరిపోయింది. ఎగిరినప్పుడల్లా ఇంట్లోవాళ్లు నవ్వుతూ ముద్దు చేశారు, అది ఎగరడమే నేర్చుకుంది. ఇలాంటి కుక్కని ప్రేమగా పెంచారు, నేర్పలేదు. నేను తీసుకుంటాను గానీ, ఆ వారం రోజులూ నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరిస్తాను. మూడో రోజుకల్లా సగం అర్థమవుతుంది దానికి.

కుక్క తప్పు చేసినప్పుడే ఇద్దరి సంగతీ బయటపడుతుంది. కాబట్టి కొంచెం కష్టమైనది అడుగుతాను, "పడుకోమనండి, నేను ఇలా పక్కనుంచి వెళ్తాను" అని. చాలా కుక్కలు లేచేస్తాయి. అప్పుడు ఓనర్ చెయ్యి ఎటు వెళ్తుందో చూడండి. చైన్ గుంజాడా? గొంతు పెంచాడా? లేక ఒక అడుగు దగ్గరికొచ్చి, పని తేలిక చేసి, మళ్లీ అడిగాడా? కుక్కని కూడా చూడండి. మెప్పుతో నేర్చుకున్న కుక్కకి అర్థం కాకపోతే రకరకాలు చేసి చూస్తుంది, కూర్చుంటుంది, చెయ్యిస్తుంది, పొర్లుతుంది, "ఇదా? ఇదా?" అన్నట్టు. తప్పు చేస్తే పోయేదేమీ లేదని దానికి తెలుసు. దెబ్బతో నేర్చుకున్నది ఏమీ చెయ్యదు. ఏమీ చెయ్యకపోతే దెబ్బ తప్పుతుందని దానికి తెలుసు.

ఇది నా ఒక్కదాని లెక్క కాదు. పోర్చుగల్‌లో పరిశోధకులు 92 పెంపుడు కుక్కల్ని చూసి 2020లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని మెప్పుతో నేర్పే స్కూళ్లవి, కొన్ని గుంజి, గద్దించి నేర్పే స్కూళ్లవి. రెండో రకం స్కూళ్ల కుక్కల్లో క్లాసు జరుగుతుండగా ఒత్తిడి గుర్తులు ఎక్కువ కనిపించాయి, క్లాసు తర్వాత వాటి లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కూడా పెరిగింది. నాకు బాగా గుర్తుండిపోయింది గిన్నె పరీక్ష. ఒక పక్కన పెట్టిన గిన్నెలో ఎప్పుడూ తిండి ఉంటుంది, రెండో పక్కన పెట్టిన గిన్నె ఎప్పుడూ ఖాళీ. అది కుక్కకి తెలిశాక గిన్నెని రెంటికీ మధ్యలో పెడతారు. ఉంటుందనుకున్న కుక్క పరుగెత్తుతుంది, ఉండదులే అనుకున్నది నింపాదిగా వెళ్తుంది. గద్దింపులు ఎక్కువగా తిన్న కుక్కలే నింపాదిగా వెళ్లాయి. అది చదివినప్పుడు చికెన్ ముక్క ముందు మొహం తిప్పుకున్న సింబా గుర్తొచ్చాడు.

"మనమే బాస్ అని దానికి తెలియాలి కదా ఆంటీ, దండం దశగుణం భవేత్ అన్నారు" అంటారు కొందరు. బాస్ అనే మాట తోడేళ్ల నుంచి వచ్చింది. ఎక్కడెక్కడి తోడేళ్లనో తెచ్చి ఒక ఆవరణలో పెడితే అవి కొట్టుకున్నాయి, అదే వాటి స్వభావం అనుకున్నారు. ఆ మాటని జనంలోకి తెచ్చినవాళ్లలో ఒకడైన డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూశాక, 1999లో తనే దాన్ని సరిదిద్దాడు. అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ, అంతే.

ముట్టుకోవడం గురించి. కొత్త కుక్క తల మీద చెయ్యి వెయ్యొద్దు. పక్కకి తిరిగి నిలబడి అది రావడానికి వదిలేస్తాను. వచ్చి వాసన చూస్తే, భుజం మీదో ఛాతీ మీదో మూడు సెకన్లు నిమిరి చెయ్యి తీసేస్తాను. ఇంకా కావాలంటే అదే దగ్గరికి జరుగుతుంది, మూతితో చెయ్యి పైకి నెడుతుంది. వద్దంటే ఒళ్లు దులుపుకుని పక్కకి వెళ్తుంది. వెళ్లిన కుక్కకి మార్కులు తగ్గించకండి. అందరి మీదా పడి నాకాలని ఏముంది? వద్దని మర్యాదగా చెప్పడం తెలిసిన కుక్క నాకు ఎక్కువ ఇష్టం. చెయ్యెత్తి పరీక్షించడం లాంటివి ఎప్పుడూ చెయ్యొద్దు, అది క్రూరత్వం, ప్రమాదం కూడా. ఓనరే జుట్టు సర్దుకోడానికో, చెమట తుడుచుకోడానికో చెయ్యెత్తుతాడు. అప్పుడు కుక్క తల వంచుకుందా, చేతి వైపు చూసి తోకూపిందా అన్నది గమనిస్తే చాలు.

భయపడే ప్రతి కుక్కా దెబ్బలు తిన్నదే అనుకోవడమూ తప్పే. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసిన లోకమే లోకం. ఆ వయసులో గొడుగు, హెల్మెట్టు, చక్రాల కుర్చీ చూడని కుక్క తర్వాత వాటికి జడుస్తుంది. రోడ్డు మీంచి పెద్దయ్యాక తెచ్చుకున్న ఇండీలు, అంటే మన నాటు కుక్కలు, చాలావరకు ఇలాంటివే. కాబట్టి భయం ఉందా అని కాదు, భయపడ్డాక ఎంతసేపటికి తేరుకుంటుందో చూస్తాను. నేను కావాలని చప్పుడు చెయ్యక్కర్లేదు. ఆ టైముకి మా వంటింట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేస్తుంది. ఉలిక్కిపడి ఓనర్ దగ్గరికి పరుగెత్తి, నిమిషంలో మళ్లీ వాసన చూసుకుంటూ తిరిగితే సమస్యే లేదు. పరుగెత్తింది ఓనర్ దగ్గరికే అంటే ఇంకా మంచిది. దీపావళి టపాసులకీ, ఆషాఢంలో బోనాల డప్పులకీ మంచం కింద దూరే కుక్కని మాత్రం నేర్పు తక్కువ కుక్క అనకండి.

గుర్రుమనడం గురించి అందరూ పొరబడతారు. "మావాడు జన్మలో గుర్రుమనలేదు" అని గొప్పగా చెప్తే నేను ఇంకో రెండు ప్రశ్నలు వేస్తాను. గుర్రుమనడం అంటే "ఇక చాలు, దూరం జరుగు" అని చెప్పడం. గుర్రుమన్న ప్రతిసారీ మూతి మీద కొడితే ఆ మాట మానేస్తుంది, కోపం మానదు. తర్వాత ఒకరోజు చెప్పకుండా కరుస్తుంది. మొరిగే కుక్క కరవదని సామెత ఉంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. ఎప్పుడో ఒకసారి, ఎముక దగ్గరో నిద్రలోనో చిన్నగా గుర్రుమని, మనం ఆగితే తనూ ఆగే కుక్కతో నేను నిశ్చింతగా ఉంటాను.

ఓనర్‌ని అడగాల్సినవి ఎక్కువ లేవు. నేర్పేటప్పుడు మీరు పక్కనే ఉన్నారా? తప్పు చేస్తే ఏం చేస్తారు? డాక్టర్ దగ్గర ఎలా ఉంటుంది? మూడోదానికి వచ్చే జవాబు చాలా చెప్తుంది. బరువు చూసే మెషీన్ మీదికి తనే ఎక్కి కూర్చునే కుక్కలు, మూతికి వేసే మజిల్‌లోకి తనే ముక్కు దూర్చే కుక్కలు ఉన్నాయి. ఓపిగ్గా, రోజుకి రెండు నిమిషాల చొప్పున నేర్పితే తప్ప ఆ పని జరగదు. యాంటీ రేబిస్ టీకా కార్డు, మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చే కుక్క లైసెన్సు చూస్తాను, ఫోటో తీసి పెట్టుకుంటాను.

అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాళ్లు 1989 నుంచి పెంపుడు కుక్కలకి పది అంశాల మర్యాద పరీక్ష పెడుతున్నారు. అందులో చివరిది, ఓనర్ కనపడకుండా వెళ్లిపోయి మూడు నిమిషాలు కుక్కని కొత్త మనిషి దగ్గర వదలడం. నేనూ అదే చేస్తాను. ఓనర్‌ని వీధి మలుపు దాకా పంపి, చైన్ పట్టుకుని కూర్చుంటాను. మొదటి నిమిషం అన్ని కుక్కలూ గేటు వైపే చూస్తాయి, కొన్ని కూనిరాగం తీస్తాయి. రెండో నిమిషానికి నా వైపు ఒకసారి చూస్తే, ముక్క ఇస్తే తీసుకుంటే, నాకు ధైర్యం వస్తుంది. ముక్క తీసుకోకపోతే మళ్లీ ఒకసారి రమ్మంటాను.

సింబా ఏడు నెలల తర్వాత మళ్లీ వచ్చాడు. ఓనర్ ఆ గొలుసు పారేసి, మెప్పుతో నేర్పే ఒకమ్మాయి దగ్గర మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాడు, ఈసారి తనూ పక్కనుండి. చీపురు చూస్తే వాడు ఇంకా పక్కకి తప్పుకుంటూనే ఉన్నాడు. కానీ తప్పుకుని, వరండా చివర నిలబడి, నేను పేరు పెట్టి పిలిస్తే వచ్చాడు, చేతిలో ముక్క తిన్నాడు. కూర్చోమంటే మొదటిసారి కూర్చోలేదు, జామచెట్టు కింద ఉడతని చూస్తున్నాడు. రెండోసారి కూర్చున్నాడు. నాకు ఆ రెండోసారే నచ్చింది.

ఇంత చూశాక కూడా వెంటనే పది రోజులకి ఒప్పుకోను. ముందు ఒక పూట వదిలి వెళ్లమంటాను, పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా. ఆ ఐదు గంటల్లో నేను రాసుకునేవి నాలుగే: నీళ్లు ఎప్పుడు తాగింది, తిందా, మిగతా కుక్కలు వాసన చూడ్డానికి వస్తే పక్కకి తిరిగి చూడనిచ్చిందా, ఎలా పడుకుంది. ముందుకాళ్లు చాపి, తల ఎత్తి, ఎప్పుడైనా లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు పడుకుంటే ఇంకో పూట రమ్మంటాను. పక్కకి ఒరిగి, నాలుగు కాళ్లూ చాపేసి, నిద్రలో పాదాలు కదిలిస్తుంటే ఒక ఫోటో తీసి ఓనర్‌కి పంపిస్తాను. ఆ తర్వాతే తేదీలు రాసుకుంటాం.